రూతు ఇంటి నీళ్ళ వాటం

అమెరికాలో, ఈ క్యారీ ఊళ్ళో మా వైపు తెలుగువాళ్ళలో రూతును ఎరగనివాళ్ళు లేరు. కొత్తగా దిగిన ఆడపిల్లలకు డ్రైవింగ్ నేర్పేది ఆమే. బాలింతలకు వెల్లుల్లి కారం చేసి పంపేది ఆమే. మన తెలుగు చర్చిలో స్త్రీల కూటం నడిపేదీ ఆమే. ఉద్యోగం మందుల కంపెనీలో. తెల్లకోటు వేసుకుని, తయారైన మందులో తేడా ఏమైనా ఉందా అని పరీక్షించడం ఆమె పని. వెంట్రుకవాసి తేడా ఉన్నా పట్టేస్తుందని వాళ్ళ ఆఫీసులో పేరు. ఆ చూపు ఇంటికొచ్చాక కూడా ఊరుకోదు. సరాసరి పక్కింటి మీద పడుతుంది. పక్కిల్లు తోడికోడలు ఫెబీది.

మాది ఎదురిల్లు. మా అమ్మాయి వాళ్ళు ఆఫీసుకి, పిల్లలు బడికి వెళ్ళిపోయాక నాకు ముందుగది కిటికీయే కాలక్షేపం. ఆ కిటికీకి రెండిళ్ళూ సమానంగా కనబడతాయి.

సమానంగా అనడం తప్పేమో. ఇక్కడ బిల్డర్లు ఒక నమూనా ఇల్లు కట్టి, దాన్నే అద్దంలో చూసినట్టు తిరగేసి పక్కన ఇంకొకటి కడతారు. ఇవి అలాంటి జంట. రెండూ తూర్పు ముఖం ఇళ్ళు. ఉత్తరాన రూతు ఇల్లు, దక్షిణాన ఫెబీ ఇల్లు. గరాజ్‌లు పక్కపక్కన, వాటి మధ్య సన్నటి మట్టి నేల. చూరు వెంట ఉండే రేకు కాలువలను ఇక్కడందరూ గట్టర్లంటారు. రెండిళ్ళ ముందు గట్టర్ల నీళ్ళూ గొట్టాల్లోంచి ఆ సన్నటి నేల మీదకే దిగేవి. ఫెబీ అక్కడ గోంగూర వేస్తే మనిషెత్తు లేచింది. రూతు కూడా వేసింది గానీ పెరటి వెనక, పైన్ చెట్ల నీడలో. అది జానెడు దాటలేదు.

అసలు ఈ దేశానికి ముందొచ్చింది రూతు, ఆమె భర్త సైలస్. ఇల్లు ముందు కొన్నదీ వాళ్ళే. సైలస్ తమ్ముడు జోసఫ్ పెళ్ళాంతో వచ్చినప్పుడు వీళ్ళ పైగదిలోనే ఉన్నాడు. ఫెబీకి ఇడ్లీపిండి ఏ మిక్సీలో రుబ్బాలో కూడా రూతే చెప్పింది. అయితే జోసఫ్‌ని కంపెనీ మేనేజర్‌గా పంపించింది కాబట్టి, ఆ దారిన గ్రీన్ కార్డు తొందరగా చేతికొచ్చేసింది. సైలస్ ఇంకా లైన్లోనే ఉన్నాడు, వీసా పొడిగించుకుంటూ. జోసఫ్ వాళ్ళకి కార్డు వచ్చిన రోజు చర్చిలో దేవుడి మేలుకు సాక్ష్యం చెప్పమంటే ఫెబీ మైకు పట్టుకుని, "ఇదంతా మా అక్కా బావగార్ల ప్రార్థన" అన్నది. అందరూ రూతు వంక చూశారు. రూతు నవ్వింది. ఆ నవ్వు ఇంటిదాకా కూడా రాలేదు. కారు దిగి తలుపు వేసిన తీరు నేను చూశాను.

ఆ తర్వాత పక్కిల్లు అమ్మకానికి వస్తే ఫెబీ వాళ్ళే కొన్నారు. "అక్క పక్కనే ఉండాలని" అంది ఫెబీ. మంచి మాటే. కాకపోతే అప్పటినుంచి రూతుకు పోల్చుకోవడానికి దూరం పోవలసిన పని లేకుండా పోయింది. వాళ్ళ కిచెన్‌లో కొత్త దీపాలు పెడితే ఈవిడ ఇంట్లో చీకటి పడేది. ఫెబీ కూతురు వయోలిన్ ఎత్తితే ఈవిడ కొడుకు పియానో మీద దుమ్ము కనబడేది.

వసంతంలో కౌశిక్ వాళ్ళ అమ్మ లక్ష్మీకాంతం గారు కోడలి పురిటికి వచ్చారు. కౌశిక్ వాళ్ళది వీధి చివర ఇల్లు. ఒక సాయంత్రం ఆవిడా, నేనూ, రూతూ నడుస్తున్నాం. గరాజ్‌ల మధ్య ఆ మట్టి దగ్గరకు రాగానే లక్ష్మీకాంతం గారు ఆగిపోయారు.

"ఈ దక్షిణం ఇంటివాళ్ళకి తిరుగుండదమ్మా. చూరు నీళ్ళు చక్కగా ఈశాన్యానికి దిగుతున్నాయి."

"మరి ఈ ఇల్లు?" అని రూతు తన ఇల్లే చూపించింది.

"ఇదెవరిది?"

"తెలిసినవాళ్ళది లెండి."

"పాపం, వీళ్ళవి ఆగ్నేయానికి పోతున్నాయి. నిప్పు మూల అది. చేతులారా పొయ్యిలో నీళ్ళు పోసుకున్నట్టు. ఎంత కష్టపడినా అందేది పక్కవాళ్ళకే."

"రెండు గొట్టాలూ పడేది ఒక్క చోటే కదండీ" అన్నాను నేను.

"చోటు ఒకటే. ఎవరి మూల వాళ్ళది" అన్నారావిడ, ఇంకో మాటకు తావు లేకుండా.

మేము క్రైస్తవులం. మాకు మూలలతో పని లేదు. రూతయితే ఇంకా గట్టి. కిందటేడు దక్షిణం ముఖమని మంచి ఇల్లు వదులుకోబోయిన ఒక కొత్త పెళ్ళికూతురిని, స్త్రీల కూటంలో అందరి ముందూ నిలబెట్టి, "మనకి దిక్కులు నాలుగు కాదమ్మా, దిక్కు ఒక్కడే" అని గట్టిగా చెప్పింది. ఆ పిల్ల ఏడ్చి, ఆ ఇల్లే కొనుక్కుంది. అలాంటి రూతు ఆ సాయంత్రం నడక ముగిశాక, ఇంటిదగ్గర లోపలికి పోకుండా, ఆ మట్టి దగ్గర నిలబడి ఫెబీ గొట్టం వంక, తన గొట్టం వంక మార్చి మార్చి చూస్తూ ఉండిపోయింది.

ఇంతలో ఫెబీ వాళ్ళ గట్టర్లు పైన్ ఆకు నిండి వంగిపోతే కొత్తవి వేయించారు. చేసినవాడు శేషగిరి. మన గుంటూరు వైపువాడే. పూర్వం సాఫ్ట్‌వేర్‌లో ఉండి, ఉద్యోగం పోయాక ఇళ్ళ మరమ్మతుల కాంట్రాక్టు మొదలుపెట్టాడు. మాటకారి, ఎక్కడ నిలబడితే అక్కడ తన గొప్ప చెబుతాడు. 'కుదరదు' అనే ఒక్క మాట మాత్రం అతని నోట రాదు. పనులు రావడానికి అదే కారణం, చెడడానికీ అదే.

ఫెబీ గట్టర్లు తళతళలాడగానే రూతుకు తన గట్టర్లు పాతబడ్డాయని తోచింది. అతన్నే పిలిచింది. ఆ రోజు నేను కరివేపాకు కోసుకుందామని వాళ్ళ పక్కసందులోకి వెళ్ళాను. మలుపు అవతల ఇద్దరూ మాట్లాడుకుంటున్నారు. దగ్గితే బాగుండేది. దగ్గలేదు.

"నీళ్ళు ఇటు దిగాలండీ" అంటోంది రూతు, ఉత్తరం కొస చూపిస్తూ. "గరాజ్ వైపు వద్దు."

"అటు కిటికీ మీది చిన్న కప్పు అడ్డం వస్తది మేడమ్. గట్టర్‌ని కిందికి దింపలేం. వాటం రావడం కొంచెం కష్టం."

"కష్టమా, కుదరదా?"

"నో ప్రాబ్లమ్ మేడమ్. చూద్దాం." తర్వాత గొంతు తగ్గించి, "ఈశాన్యం కోసమా మేడమ్?" అన్నాడు.

"ఆ మాట మీ నోటినుంచి ఎక్కడా రాకూడదు. మావారికి కూడా. పక్కింటికి అసలే" అంది రూతు.

"నా నోరు తాళం మేడమ్. మాటిస్తున్నా."

నేను రెండు రెబ్బలు తుంచుకుని చప్పుడు లేకుండా వెనక్కి వచ్చేశాను.

వాటం అంటే తెలుసుగా, నీళ్ళు పోవలసిన వైపుకి పల్లంగా ఉండడం. శేషగిరి పాత వాటం తీసేశాడు, కొత్త వాటం రాలేదు. గట్టరు ఇటూ కాక అటూ కాక చదునుగా ఉండిపోయింది. మొదటి వాన పడగానే నీళ్ళు ఏ మూలకీ పోకుండా మధ్యలో నిలబడి, అతుకు దగ్గర నుంచి సరిగ్గా వీధి గుమ్మం మీద ధారగా కారడం మొదలుపెట్టాయి. అదే వానలో పక్కింటి నీళ్ళు బుద్ధిమంతుల్లా గొట్టంలోంచి దిగి పోతున్నాయి. రూతు వరండాలో నిలబడి రెండూ చూసింది.

"మన తమ్ముడి ఇంటికి చేసింది ఇతనే కదా? వాళ్ళకి కారట్లేదేం?" అన్నాడు సైలస్. ఆయన ఏ పాపం ఎరగని మనిషి. ఎక్కడ మంట ఉందో చూసుకోకుండా అక్కడే చెయ్యి పెడతాడు.

"నన్నెందుకు అడుగుతారు? వాణ్ణి అడగండి" అంది రూతు.

శేషగిరి వచ్చి అతుక్కి జిగురు పెట్టి పోయాడు. మళ్ళీ వాన, మళ్ళీ ధార. ఇంకోసారి పెట్టాడు. గుమ్మం ముందు కాలిపట్టా తడిసి కంపు పట్టింది. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ తల తడుముకుంటూ లోపలికి అడుగుపెట్టేవారు. అడిగినవాళ్ళందరికీ "శేషగిరి పాడుచేశాడు" అని చెప్పింది రూతు. అది అబద్ధం కాదు. నిజం మొత్తమూ కాదు.

మూడోసారి అతను వచ్చినప్పుడు నేను వాళ్ళ వరండాలోనే చిక్కుడుకాయలు తుంచుతున్నాను.

"శేషగిరి గారూ, మిమ్మల్ని గట్టరు పెట్టమన్నాను. జల్లెడ పెట్టమనలేదు."

"అతుకు గట్టిదే మేడమ్. నీళ్ళే కదలట్లేదు. వాటం మళ్ళీ గరాజ్ వైపుకి తిప్పేద్దాం. చుక్క కారితే నన్నడగండి."

"ఆ మాటెత్తొద్దన్నాను."

"ఎత్తకపోతే నీళ్ళు ఎటు పోతాయి మేడమ్?"

"చేతకాలేదని ఒప్పుకోండి మరి."

"చేతకాకపోతే పక్కింటికి ఎలా కుదిరింది?"

పక్కిల్లు అనేసరికి రూతు మొహం ఎర్రబడింది. "పక్కింటి సంగతి నా దగ్గర చెప్పకండి. ఈ ఇంటి సంగతి చెప్పండి."

"ఈ ఇంటి సంగతి చెప్పొద్దని మీరే కదా మేడమ్ అన్నారు" అని అతను నిచ్చెన మడిచాడు.

తేలు కుట్టిన దొంగ కేక వేయలేడు. రూతు అతని మీద గట్టిగా తగవుకు పోలేదు. పోతే అతను నిజం చెబుతాడు. ఊరుకోనూ లేదు, గుమ్మం కారుతోంది. ఈశాన్యం మాట బయటపడితే స్త్రీల కూటం ముందు మళ్ళీ ఏ మొహంతో నిలబడుతుంది? అంతకంటే, ఆ మాట ఫెబీ చెవిన పడితే? తన ఇంటి అదృష్టం చూసి అక్క చూరు తిప్పుకుందని ఫెబీకి తెలిస్తే? నేను అడగలేదు గానీ, ఆమెకు నిద్ర లేదని కళ్ళకింద కనబడుతూనే ఉంది.

చివరికి ఫెబీయే దూరింది తగవులోకి. పాపం, సాయం చేద్దామనే. "అక్కా, నువ్వు మెత్తన. అతని సంగతి నాకొదిలెయ్" అంది.

"నువ్వొద్దు ఫెబీ. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు, ఎన్నాళ్ళని? మా ఇంటికి ఒకలా చేసి నీ ఇంటికి ఒకలా చేస్తాడా? నాకే సిగ్గుగా ఉంది."

'మా ఇంటికి ఒకలా' అన్నప్పుడు రూతు ముఖం చూడవలసింది. జాలి కూడా పక్కింటి నుంచే రావాలా అన్నట్టు ఉంది.

ఆ శనివారం ప్రార్థన కూటం రూతు ఇంట్లో. పొద్దుటినుంచీ వాన. వచ్చినవాళ్ళు ఒక్కొక్కరూ గొడుగు ముడిచి గుమ్మంలో కాలు పెట్టేసరికి నెత్తిన ధార. పాస్టరమ్మ ప్రిస్సిల్లా గారు తెల్లచీర కట్టుకుని వచ్చారు. మెడ వెనక చల్లగా పడేసరికి "అయ్యో తండ్రీ" అన్నారు. రూతు తువ్వాలు పట్టుకుని పరుగెత్తింది. కానీ అప్పటికే ఫెబీ శేషగిరికి ఫోన్ చేసేసింది. వానలో చూస్తేనే తెలుస్తుంది, ఇప్పుడే రమ్మని.

శేషగిరి వచ్చాడు. వరండాలో టోపీ పిండుకుంటూ నిలబడ్డాడు. లోపలివాళ్ళంతా పాటల పుస్తకాలు చేతుల్లో పట్టుకునే గుమ్మం దాకా వచ్చారు. నేను అందరికంటే ముందే అక్కడ ఉన్నాను.

"చూడండి" అంది ఫెబీ. "అదే రేకు, అదే మనిషి. మా ఇంట్లో చుక్క కారదు. మా అక్కింట్లో పాస్టరమ్మగారికి స్నానం అయింది. ఎందుకని?"

"పెద్ద మేడమ్‌ని అడగండి" అన్నాడు శేషగిరి.

"ఆవిణ్ణేం అడగాలి? చేసింది మీరు. సరే, ఇప్పుడే మన తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ఫోటో పెట్టి రాస్తాను. ఇంక ఒక్క తెలుగిల్లు కూడా మిమ్మల్ని పిలవదు" అని ఫోన్ తీసింది.

అతని మొహంలో మాటకారితనం అంతా పోయింది. "రాయకండి మేడమ్. నాకొచ్చే పనులన్నీ ఆ గ్రూపులోంచే. నేను కావాలని చేసింది కాదు. చెప్పకూడదని మాటిచ్చాను."

"ఎవరికి?"

అతను రూతు వైపు చూడకుండా ఉండడానికి పైకి చూశాడు. పైన్నుంచి అతని కంట్లో నీళ్ళు పడ్డాయి.

"నాకు" అంది రూతు.

తువ్వాలు ఇంకా చేతిలోనే ఉంది. దాన్ని మడత పెడుతూ చెప్పింది. "నీళ్ళు ఇటు తిప్పమన్నది నేను. కుదరదని అతను సరిగ్గా చెప్పలేదు, అది అతని తప్పు. తిప్పమనడం మాత్రం నా తప్పు."

"ఎందుకు తిప్పమన్నావు?" అన్నాడు సైలస్.

ఇక ఈశాన్యం వస్తుంది అనుకున్నాను. శేషగిరీ అదే అనుకున్నట్టున్నాడు, తల దించుకున్నాడు.

"వాళ్ళ ఇంటిలా ఉండాలని" అంది రూతు.

పాస్టరమ్మగారు నవ్వేశారు. "చూడండమ్మా, తోడికోడళ్ళంటే ఇలా ఉండాలి. ఎంత ప్రేమో" అన్నారు. నలుగురూ నవ్వారు. అక్కడితో తప్పించుకోవచ్చు. కానీ ఫెబీ నవ్వలేదు, లెక్క చూసుకుంటోంది.

"మా ఇంటిలా ఉండాలంటే అటే ఉంచాలి కదక్కా. రెండు గొట్టాలూ ఒకే చోట ఉండేవి."

"అవును" అన్నాడు సైలస్. "అయినా మన ఇంటికి ఏం తక్కువ?"

"ఏం తక్కువో మీకు కనబడదు. నాకు రోజూ కనబడుతుంది." రూతు గొంతు పెంచలేదు. వంటలో ఉప్పు సంగతి చెబుతున్నట్టే చెప్పింది. "ముందొచ్చింది మనం. మన పైగదిలో ఉన్నవాళ్ళు వాళ్ళు. కార్డు వాళ్ళకొచ్చింది. సాక్ష్యం వాళ్ళు చెప్పారు, నేను చప్పట్లు కొట్టాను. ఆఖరికి మన ఇంటి మీద పడిన వాన కూడా పోయి వాళ్ళ గోంగూరకి పడుతోంది. నేను ఓర్చుకోలేకపోయాను. ఒక్క నీళ్ళన్నా మన వైపు ఉండనీ అనుకున్నాను. అంతే."

ఎవరూ నవ్వలేదు. పాస్టరమ్మగారు తడిసిన చెంగు చూసుకుంటూ నిలబడ్డారు. ఫెబీ ఫోన్ లోపల పెట్టేసి, చెప్పులు వేసుకుని, గొడుగు కూడా తెరవకుండా వాళ్ళింటికి వెళ్ళిపోయింది.

నాకు చాలా రోజులు అర్థం కాలేదు. రెండు గుట్లలో ఒకటి దాచుకోవడానికి రెండోది బయటపెట్టింది రూతు. ఈశాన్యం అని ఉంటే నలుగురు నవ్వి ఊరుకునేవారు. అది చిన్నది. పెద్దదాన్ని తీసి గుమ్మంలో పెట్టింది. ఈ కథ రాయనా అని అడిగిన రోజు ఆ సంగతీ అడిగితే, "మూఢనమ్మకం అంటే చర్చి ముందు సిగ్గు పెద్దమ్మా. కుళ్ళు అయితే అందరికీ ఉన్నదే కదా" అంది.

మరుసటి శనివారం శేషగిరి వాటం మళ్ళీ గరాజ్ వైపు తిప్పాడు. "కుదరదని మొదటే చెప్పొచ్చుగా" అంది రూతు. "చెబితే మీరు ఇంకొకళ్ళని పిలుస్తారు మేడమ్" అన్నాడతను. ఇద్దరూ అంతకంటే పొడిగించలేదు. ఆ సాయంత్రం వానకు గుమ్మం పొడిగానే ఉంది.

నీళ్ళు తన మట్టిలోకి మళ్ళీ రావడం చూసి ఫెబీ వచ్చింది. వారమంతా మాటలు లేవు. చర్చిలో వేరే వరసలో కూర్చుంది. ఇప్పుడు వరండాలో రూతు పక్కన కూర్చుని, "నువ్వు నన్ను అలా చూస్తావని నాకు తెలీదక్కా" అంది.

"తెలీకుండా జాగ్రత్తపడ్డాను కదా."

"ఇప్పుడు నేనేం చెయ్యాలి? కార్డు సగం చించి ఇవ్వలేను."

"ఏం చెయ్యొద్దు. ఏదైనా కొన్నా, ఏదైనా వచ్చినా ముందు నాకు చెప్పు. కిటికీలోంచి తెలుసుకుంటుంటే ఎక్కువ మండుతోంది."

ఫెబీ ఇంకాస్త దగ్గరకు జరిగి, "అయితే చెప్పేస్తున్నా. కిచెన్ మారుస్తున్నాం, కొత్త గ్రానైటు" అంది.

"ఏ రంగు?"

"నలుపు."

"నలుపు నేనెప్పుడో అనుకున్నాను" అంది రూతు. ఆ రాత్రి సైలస్ నల్ల గ్రానైటు సంగతి వినక తప్పలేదని వేరే చెప్పక్కర్లేదు.

కుళ్ళు తగ్గిందని నేను అనను. ఇదివరకు లోపల ఉండేది, ఇప్పుడు పైకి మాట్లాడుతోంది. వాళ్ళింట్లో ఏది చూసినా, "నాకు కన్ను కుట్టింది ఫెబీ" అని మొహం మీదే అనేస్తుంది. ఫెబీ మొదట ఉలిక్కిపడేది. ఇప్పుడు "కుట్టనీ" అంటుంది.

ఇది రాయనా అని రూతును అడిగాను. ఈశాన్యం సంగతి కూడా నాకు తెలుసని అప్పుడే చెప్పాను. కరివేపాకు నాడే అనుమానం వచ్చిందట, రెబ్బలు తాజాగా విరిగి ఉన్నాయని.

"రాయండి పెద్దమ్మా. ఆ కొత్త పెళ్ళికూతురికి దక్షిణం ముఖం ఇల్లు కొనిపించాను, అదీ చదవనీ" అంది. నేను లేచి వస్తుంటే వెనక నుంచి పిలిచింది. "ఫెబీ గురించి మాత్రం ఎక్కువ రాయకండి. మళ్ళీ దానికే పేరొస్తుంది."